సమన్వయం రాయడం నీకు ముందే వచ్చు

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు హనుమకొండలో డిగ్రీ మొదటి సంవత్సరం. రోజూ బస్సులో వచ్చి పోతాను. పది రోజుల్లో ఇంగ్లీషు ఇంటర్నల్ పరీక్ష ఉంది. దానికి ముందు రెండు రోజులు పునశ్చరణ తరగతులు పెడతామన్నారు. మొదటి రోజు అలంకారాలు, వ్యాకరణం. రెండో రోజు వాదన. వీటికి నా దగ్గర మూడు వేర్వేరు నోటుబుక్కులు ఉన్నాయి. అలంకారాల పుస్తకంలో ఇరవై రెండు పేర్లు, నిర్వచనాలు రాసుకున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ కొత్త పేరా ఇస్తే, పేరు గుర్తుపట్టిన తర్వాత ఏం రాయాలో తోచదు. పోయిన పరీక్షలో మా లెక్చరర్ నా పేపరు మీద ‘పేరు సరే, అయితే ఏమిటి?’ అని ఎర్ర సిరాతో రాశారు. వ్యాసం కింద ‘సమాచారం ఉంది, వాదన లేదు’ అని రాశారు. వ్యాకరణం బిట్లు సరిగ్గానే పెడతాను, సొంతంగా రాస్తే తప్పులు వస్తాయి. ఇంగ్లీషు మీడియం వాళ్లు గడగడ మాట్లాడుతుంటే తరగతిలో నోరు తెరవలేకపోతున్నాను. ఈ పది రోజుల్లో ఏం చదవాలి?
ఒక విద్యార్థిని, హనుమకొండ జిల్లా

సమాధానం:

అమ్మా,

‘అయితే ఏమిటి?’ అన్న ఎర్ర సిరా మాటను నువ్వు మందలింపుగా తీసుకున్నావని నీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. నేను ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పాను. ఆ మాటను ఎన్నో పేపర్ల మీద నేనూ రాశాను. జవాబును అక్కడే ఆపవద్దని, ఇంకో రెండు వాక్యాలు రాయమని అడగడమే దాని అర్థం. పిల్లలకు ఆ రెండు వాక్యాలు ఎలా రాయాలో చెప్పకుండా ఎర్ర గీత గీసి వదిలేయడం మా ఉపాధ్యాయుల తప్పు. కాబట్టి ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ రెండు వాక్యాలకే ఇస్తాను.

ముందు నీ పదో తరగతి తెలుగు పరీక్షను గుర్తు తెచ్చుకో. అలంకారం ప్రశ్న వస్తే ఏం చేసేదానివి? అలంకారాన్ని గుర్తించి, దాని లక్షణం రాసి, ఆ తర్వాత సమన్వయం రాసేదానివి. ఫలానా మాట ఉపమేయం, ఫలానా మాట ఉపమానం, ఫలానాది సమానధర్మం, ఈ చివరన ఉన్నది ఉపమావాచకం, కనుక ఇది ఉపమాలంకారం అని లక్షణాన్ని తెచ్చి వాక్యం మీద ఆనించి చూపించేదానివి. నీ ఇంగ్లీషు నోటుబుక్కులో పేరూ లక్షణమూ ఉన్నాయి, సమన్వయం లేదు. తెలుగు మీడియంలో చదివానని నువ్వు దిగులుపడుతున్నావు గాని, నీ పక్కన కూర్చుని గడగడ మాట్లాడే పిల్లల్లో చాలామందికి సమన్వయం అన్న పని ఒకటి ఉందని కూడా తెలియదు. నువ్వు ఏళ్ల తరబడి చేశావు.

ఇంగ్లీషు తరగతి దీనికి ఇంకొక్క మెట్టు అదనంగా అడుగుతుంది. దాన్ని ప్రయోజనం అందాం. ఈ అలంకారం ఇక్కడ చదివేవాడిని ఏం చేసింది? నీ లెక్చరర్ అడిగిన ‘అయితే ఏమిటి?’ ఇదే. దీన్ని కనుక్కోవడానికి నాకు తెలిసిన మార్గం ఒక్కటే: ఆ అలంకారాన్ని తీసేసి చూడు, లేదా దాని స్థానంలో మరొకటి పెట్టి చూడు.

మేడారం జాతరనే తీసుకుందాం. ‘జనం జంపన్నవాగులా పొంగారు’ అని ఒకరు రాశారనుకో. జనం ఉపమేయం, వాగు ఉపమానం, పొంగడం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. ఇంగ్లీషులో దీన్ని సిమిలీ అంటారు. ఇప్పుడు తీసేసి చూడు: ‘జాతరకు చాలామంది వచ్చారు.’ ఏం పోయింది? వాగుకు ఒక దిక్కు ఉంటుంది, ఒక ఊపు ఉంటుంది, ఎదురు నిలిస్తే కొట్టుకుపోతామన్న భయం ఉంటుంది. అవన్నీ పోయి లెక్క మాత్రం మిగిలింది. ఇప్పుడు మార్చి చూడు: ‘జనం చీమల బారులా కదిలారు.’ ఓపిక, క్రమం, చిన్నతనం కనిపిస్తాయి, భయం లేదు. ‘ఇసుక వేస్తే రాలనంత జనం’ అంటే అది అతిశయోక్తి. ఇందులో కదలికే లేదు, కిక్కిరిసిన ఇరుకు మాత్రమే ఉంది. జనం అదే జనం, జాతర అదే జాతర. రాసినవాళ్లు ఎక్కడ నిలబడి చూశారన్నది మారింది. అమ్మవార్ల గద్దెల దగ్గర నలిగిపోయినవాడు ఇసుక మాట వాడతాడు. దూరంగా గుట్ట మీద నుంచి చూసినవాడికి చీమల బారు కనిపిస్తుంది. ఇది రాస్తే చాలు, ‘అయితే ఏమిటి?’కి జవాబు దొరికినట్టే.

నీ ఇరవై రెండు పేర్లలో సగానికి పైగా నీకు పాత చుట్టాలే. మెటఫర్ మన రూపకం, హైపర్బోలీ మన అతిశయోక్తి, పన్ అంటే శ్లేష. నిందాస్తుతి తెలిసినదానికి ఐరనీ అర్థం కావడానికి ఎంతో సేపు పట్టదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండు. అలిటరేషన్‌ను వృత్త్యనుప్రాస అని పూర్తిగా నమ్మవద్దు. మన వృత్త్యనుప్రాసలో హల్లు మాటలో ఎక్కడ తిరిగి వచ్చినా లెక్కే. ఇంగ్లీషులో ముఖ్యంగా మాట మొదట్లోని ధ్వనిని చూస్తారు. అదీ ధ్వనినే, అక్షరాన్ని కాదు. ‘నైఫ్’ అన్న మాట స్పెల్లింగ్ కె అక్షరంతో మొదలవుతుంది, ‘నెక్’ అన్నది ఎన్‌తో మొదలవుతుంది. అయినా రెండింటి మొదటి ధ్వని ఒకటే. రాసినట్టే పలికే లిపికి అలవాటుపడిన మన కళ్లు ఇక్కడ తరచూ మోసపోతాయి.

నీకు కొత్తగా అనిపించేవి వరుసకు, పునరుక్తికి సంబంధించినవి. వాక్యాల, ఉపవాక్యాల మొదట్లో ఒకే మాట తిరిగి తిరిగి వస్తే అనాఫొరా, చివర్లో వస్తే ఎపిస్ట్రఫీ. ఈ రెండో పేరు చూసి భయపడకు. ప్రతి ఏడూ బతుకమ్మ చుట్టూ తిరుగుతూ నువ్వు ‘ఉయ్యాలో’ అని పాదం చివర పలికిందంతా అదే. దాని ప్రయోజనం ఏమిటో కూడా నీ కాళ్లకూ చేతులకూ తెలుసు. ఒకరు పాట చెబుతారు, మిగిలినవాళ్లు ఆ మాట దగ్గర అందుకుంటారు, చప్పట్లు అక్కడ కలుస్తాయి, పాట రానివాళ్లు కూడా ఆ ఒక్క మాటతో వలయంలో భాగమవుతారు. దాన్ని తీసేస్తే ఒక్కరు పాడుతుంటే పదిమంది వినడం మిగులుతుంది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ తన కల గురించి వాక్యం తర్వాత వాక్యాన్ని ఒకే మాటలతో మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఉన్న జనానికీ అటువంటి చోటే దొరికింది. తర్వాతి వాక్యం ఎలా మొదలవుతుందో వాళ్లకు ముందే తెలుసు. అందుకే వాళ్లు అందుకోగలిగారు.

ఇక నీ మూడు నోటుబుక్కుల సంగతికి వస్తాను. అలంకారం ఒక పుస్తకంలో, వ్యాకరణం ఒక పుస్తకంలో, వాదన ఒక పుస్తకంలో ఉన్నంత కాలం ఏదీ పట్టుబడదు. రాసేవాళ్లు వీటిని విడివిడిగా వాడరు. మీకు ఏ పాఠం పెట్టారో నువ్వు రాయలేదు కాబట్టి అందరికీ తెలిసిన ఒక ప్రసంగం తీసుకుంటాను. 1947 ఆగస్టు 14 రాత్రి ఢిల్లీలో రాజ్యాంగ సభ ముందు జవహర్‌లాల్ నెహ్రూ ఇంగ్లీషులో మాట్లాడారు. దాని మొదటి మూడు వాక్యాలు చాలు. అర్థం తెలుగులో చెబుతాను, అసలు వాక్యాలను నువ్వు వెతికి తెచ్చుకుని పక్కన పెట్టుకుని చదువు.

రెండో వాక్యంతో మొదలుపెడదాం. అర్ధరాత్రి గంట కొట్టే వేళ, ప్రపంచం నిద్రిస్తుండగా, భారతదేశం జీవితంలోకి, స్వేచ్ఛలోకి మేల్కొంటుంది అన్నారు. నిద్ర ఒక పక్క, మెలకువ ఒక పక్క. ఇది యాంటీథీసిస్, వ్యతిరేకమైన రెండింటిని ఎదురెదురుగా నిలపడం. దేశం మేల్కోవడం పర్సనిఫికేషన్, మనిషి కానిదానికి మనిషి గుణం ఇవ్వడం. ఇక్కడిదాకా పేర్లు. ఇప్పుడు ప్రయోజనం అడుగు. ఢిల్లీలో అర్ధరాత్రి అయినప్పుడు లండన్‌లో సాయంత్రం, న్యూయార్క్‌లో మధ్యాహ్నం. ప్రపంచం నిద్రపోవడం లేదు. నెహ్రూకు ఆ సంగతి తెలియక కాదు. ఆ సభలో కూర్చున్నవాళ్లకు ప్రపంచమంతా చీకటై తమ ఒక్క గది మాత్రం వెలుగుతున్నట్టు అనిపించాలి. నిజం కాని మాట ఒకటి అక్కడి అనుభూతికి నిజమైంది. పరీక్షలో నువ్వు ఇంత రాయనక్కరలేదు. మూడు వాక్యాలు చాలు: ‘ఇక్కడ నిద్రనూ మెలకువనూ ఎదురెదురుగా పెట్టి యాంటీథీసిస్ వాడారు. ప్రపంచం నిద్రలో ఉంది, భారతదేశం ఒక్కటే మేల్కొంటోంది. దీనివల్ల ఆ క్షణం మిగతా ప్రపంచం నుంచి వేరుపడి, వినేవారికి తాము చరిత్రకు ఏకైక సాక్షులన్న భావం కలుగుతుంది.’ పేరు, సమన్వయం, ప్రయోజనం. ఇంతే.

అదే వాక్యంలో వ్యాకరణం చూడు. మేల్కోవడం ఇంకా జరగలేదు కాబట్టి అక్కడ ‘విల్’ ఉంది. నిద్రపోవడమూ ఆ క్షణంలోనే జరగాలి, అయినా అక్కడ ‘విల్’ లేదు. ‘వెన్’తో మొదలయ్యే కాల ఉపవాక్యంలో భవిష్యత్తును కూడా వర్తమాన రూపంలోనే చెప్పాలన్న సూత్రం నీ గైడులో ఒక మూల ఉంటుంది. ‘ఇఫ్’ పెట్టి షరతు చెప్పేటప్పుడూ అంతే. బిట్లలో దీన్ని సరిగ్గా పెడతావు, సొంత వాక్యంలో మరిచిపోతావు, ఎందుకంటే ఆ సూత్రానికి నీ మనసులో ఒక వాక్యం లేదు. ఇప్పుడు ఉంది. సందేహం వచ్చిన ప్రతిసారీ ఈ వాక్యాన్ని తలుచుకో.

మొదటి వాక్యంలోకి వెళితే మన భాషకు ఇంకా దగ్గరగా వస్తాం. చాలా ఏళ్ల కిందట మనం విధితో ఒక ‘ట్రిస్ట్’ చేసుకున్నాం అంటారు. ఆ మాటకు ప్రేమికులు ఫలానా వేళ ఫలానా చోట కలుసుకుందామని చెప్పుకున్న ఒప్పందం అని అర్థం. మన కావ్యాల్లో సంకేతస్థలం అంటారే, ఆ సంకేతం. అంటే స్వాతంత్ర్యం ఎవరో ఇచ్చినది కాదు, మనం మాట ఇచ్చి వెళ్లి కలుసుకుంటున్నది. ఆ వెంటనే ‘ప్లెడ్జ్’ను ‘రిడీమ్’ చేస్తాం అంటారు. ప్రమాణం నిలబెట్టుకుంటాం అని దీని అర్థం రాసుకుని ఉంటావు. తప్పు లేదు. కానీ ఆ రెండు మాటలు కుదువ పెట్టేవాళ్ల మాటలు కూడా. కుదువ పెట్టిన వస్తువు ప్లెడ్జ్, అప్పు తీర్చి దాన్ని విడిపించుకోవడం రిడీమ్ చేయడం. విత్తనాల కోసం అమ్మ మెడలోని నగను కుదువ పెట్టడం, పంట వచ్చాక విడిపించుకోవడం చూసిన ఇంటి పిల్లలకు ఈ రూపకంలోని బరువు అర్థమైనట్టు నిఘంటువు చూసినవాళ్లకు అర్థం కాదు. ఇచ్చిన మాట ఒక అప్పు. అది ఇంకా తీరలేదు.

అందుకే ఆ వాక్యం చివర ఒక మెలిక ఉంది. పూర్తిగా కాదు, నిండు కొలతతో కాదు, కానీ చాలా మేరకు తీరుస్తున్నాం అన్నారు. దేశం రెండు ముక్కలవుతున్న రాత్రి అది. ‘పూర్తిగా’ అని ఉంటే వినేవాళ్లలో సగం మంది అక్కడే నమ్మకం కోల్పోయేవాళ్లు. ఎదుటివాళ్ల మనసులోని అభ్యంతరాన్ని ముందే ఒప్పుకోవడం వాదనలో చాలా బలమైన పని. చిన్న మాటలతో జరిగింది. ఇందులో అలంకారం ఎక్కడ ఆగింది, వ్యాకరణం ఎక్కడ మొదలైంది, వాదన ఎక్కడ వచ్చి చేరింది? గీత గీసి చూపించడం నా వల్ల కాదు.

మూడో వాక్యంలో ‘వెన్’ మూడుసార్లు వస్తుంది. అనాఫొరా. అది నీకు వెంటనే దొరుకుతుంది. నేను నిన్ను చూడమనేది చివర్లో ఉన్న చిన్న మాటలు: చాలా కాలంగా అణచివేయబడిన జాతి ఆత్మ గొంతు విప్పుతుంది అన్నారు. అణచివేసింది ఎవరు? వాక్యంలో లేదు. కర్మణి ప్రయోగానికి, అంటే పాసివ్ వాయిస్‌కు, చేసినవాడిని దాచే గుణం ఉంది. అధికారం చేతులు మారుతున్న రాత్రి, వైస్రాయిగా ఉన్న మౌంట్‌బాటెన్ మర్నాటి నుంచి గవర్నర్ జనరల్‌గా కొనసాగబోతున్నారు. ఆ సమయంలో బ్రిటిష్‌వారి పేరు ఎత్తకపోవడం మర్యాద కోసమని నేననుకుంటాను. నువ్వు వేరేలా అనుకోవచ్చు, కారణం చెప్పగలిగితే చాలు.

ఇక్కడ మన ప్రాంతం వాళ్లం తప్పక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రసంగంలో ‘మనం’ అంటే ఎవరు? ఆ రాత్రి ఓరుగల్లు నిజాం రాజ్యంలో ఉంది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. అర్ధరాత్రి దేశం మేల్కొందన్న మాట మర్నాడు విన్న హనుమకొండ మనిషి, ఆ ‘మనం’లో తాను ఉన్నాడో లేడో అని తప్పక ఆలోచించి ఉంటాడు. ప్రసంగం ఎవరిని ఉద్దేశించింది, ఎవరు దాని బయట నిలబడి విన్నారు అన్నది వాదనను చదివేటప్పుడు మొదట వేసుకోవలసిన ప్రశ్న. రెండో రోజు తరగతిలో దీన్ని అడుగు. నీ లెక్చరర్ సంతోషిస్తారు.

నీ సొంత వ్యాకరణం తప్పుల గురించి కొంచెం చెప్పాలి. అన్నీ చెప్పే చోటు ఇది కాదు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయడం వల్ల తప్పులు వస్తున్నాయని నీకు చెప్పి ఉంటారు. నేను మరోలా చెబుతాను: తెలుగు వ్యాకరణాన్ని గమనించకుండా ఇంగ్లీషు రాయడం వల్ల వస్తున్నాయి. ‘కాలేజీకి నడుస్తూ వాన మొదలైంది’ అని తెలుగులో అంటే నీకు చెవిలో ముల్లు గుచ్చుకుంటుంది. నడిచింది నువ్వు, మొదలైంది వాన. కర్తలు వేరైతే మనం ‘నడుస్తుండగా’ అంటాం. ‘నడుస్తూ’ అంటే ఇద్దరూ ఒకరే కావాలి. ఇంగ్లీషులో ‘వాకింగ్’ అని మొదలుపెట్టే వాక్యమూ మన ‘నడుస్తూ’ లాంటిదే. కామా తర్వాత వచ్చే కర్తే నడిచి ఉండాలి. ‘వాకింగ్ టు కాలేజ్, ద రెయిన్ స్టార్టెడ్’ అని రాస్తే వాన కాలేజీకి నడిచినట్టు. డాంగ్లింగ్ మాడిఫయర్ అన్న పెద్ద పేరుతో నీ గైడులో ఉన్నది ఈ తప్పే. ‘తూ’, ‘ఉండగా’ల తేడా తెలిసిన మనిషికి అది ఒక పూట పని.

అలాగే ‘గురించి చర్చించాం’ అన్న అలవాటుతో ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ చేరుతుంది, అక్కడ దాని అవసరం లేదు. ఏ, ద అన్న ఆర్టికల్స్‌కు తెలుగులో సమానమైనవి లేవు గాని, నామవాచకం ముందు ‘ఒకానొక’ అని పెట్టగలిగితే ఏ లేదా యాన్, ‘మనకు తెలిసిన ఆ’ అని పెట్టగలిగితే ద అని ఊహించుకుంటే చాలా చోట్ల సరిపోతుంది. అన్ని చోట్లా సరిపోదు. మిగిలినవి చదవగా చదవగా వస్తాయి.

కర్మణి ప్రయోగం గురించి ఇంకొక మాట. చాలా గైడుల్లో దీన్ని లెక్కలా నేర్పుతారు: ఈ మాట ఇటు, ఆ మాట అటు, మధ్యలో ‘బై’. ఎప్పుడు వాడాలో చెప్పరు. ‘చెరువు కట్ట తెగింది’ అనడానికీ ‘చెరువు కట్ట తెంచారు’ అనడానికీ ఊళ్లో ఎంత తేడా ఉంటుందో నీకు తెలుసు. మొదటిది వాన తప్పు, రెండోది మనిషి తప్పు. రెండోదానిలోనూ ఆ మనిషి పేరు లేదు. తెగు, తెంచు అన్న జంట క్రియలతో మనం చేసే పనిని ఇంగ్లీషు చాలా చోట్ల కర్మణి ప్రయోగంతో చేస్తుంది. వార్తల్లో కర్మణి వాక్యం కనిపించినప్పుడల్లా ‘ఎవరు?’ అని పక్కన రాసుకో. కొన్నిసార్లు చేసినవాడు ఎవరో తెలియక వదిలేస్తారు, కొన్నిసార్లు ముఖ్యం కాదని వదిలేస్తారు, కొన్నిసార్లు దాచడానికి వదిలేస్తారు. ఈ మూడింటిలో ఏదో తేల్చడం వ్యాకరణమే, వాదనను చదవడం కూడా.

ఇప్పుడు ‘సమాచారం ఉంది, వాదన లేదు’ అన్న మాట. ఈథోస్, పాథోస్, లోగోస్ అన్న మూడు మాటలు మీకు చెప్పి ఉంటారు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ చేసిన విభజన అది: మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసు, చెప్పిన మాటలోని తర్కం. ఇది చదివేటప్పుడు బాగా పనికొస్తుంది. రాసేటప్పుడు నీకు మన న్యాయశాస్త్రంలోని, అంటే మన పాత తర్కశాస్త్రంలోని పంచావయవాలు, వాదనకు ఉండే ఐదు మెట్లు, ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ, అంటే మనం నిరూపించదలచిన మాట. పొగ ఉంది కనుక, ఇది హేతువు. పొగ ఎక్కడుంటే నిప్పు అక్కడ ఉంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీద అటువంటి పొగే ఉంది, ఇది ఉపనయం, అంటే ఉదాహరణను మన విషయానికి అన్వయించడం. కనుక ఈ కొండ మీద నిప్పు ఉంది, ఇది నిగమనం.

పిల్లల వ్యాసాల్లో ప్రతిజ్ఞ తరచూ ఉండదు, ఉపనయం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఉదాహరణల కుప్ప మాత్రం ఉంటుంది. నీ లెక్చరర్ సమాచారం అన్నది ఆ కుప్పనే. నువ్వు మేడారం జాతరలో ప్లాస్టిక్ గురించి ఒకటిన్నర పేజీ రాసినా, ‘కాబట్టి ఫలానావాళ్లు ఫలానా పని చేయాలి’ అన్న వాక్యం లేకపోతే అది వాదన కాదు. ఆ వాక్యంతో ఎవరైనా విభేదించే వీలు ఉండాలి. ‘ప్లాస్టిక్ హానికరం’ అంటే విభేదించేవాళ్లు ఎవరున్నారు? ‘జాతరకు వచ్చే దుకాణాలు ప్లాస్టిక్ సంచులు తేకుండా దారిలోనే ఆపాలి’ అంటే దుకాణదారు విభేదిస్తాడు. అప్పుడు వాదన మొదలవుతుంది.

హేతువును కూడా పరీక్షించాలి. ‘ఆ కాలేజీ మంచిది, ఎందుకంటే అక్కడ ఫీజు ఎక్కువ’ అన్న మాట హనుమకొండలో మనం తరచూ వింటాం. ఫీజు ఎక్కువ ఉన్న మంచి కాలేజీలూ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. రెండు వైపులా నిలబడే ఇటువంటి హేతువును న్యాయశాస్త్రం సవ్యభిచారం అంటుంది. హేతువులా కనిపించి హేతువు కాని వాటన్నిటికీ హేత్వాభాసలని పేరు. మీ నోట్సులో ఫాలసీలు అన్న శీర్షిక ఉంటే అది ఇదే.

ఒకటి రాసి చూద్దాం. మీ ఊరి దారిలో ఉదయం పూట ఇంకో బస్సు వేయాలని డిపో మేనేజరుకు ఉత్తరం రాస్తున్నావనుకో. ‘మేము చాలా కష్టపడుతున్నాం’ అని రెండు పేరాలు రాస్తే ఆయన జాలిపడి కాగితం పక్కన పెడతారు. ప్రతిజ్ఞ మొదటి వాక్యంలోనే రావాలి: ఎనిమిదింటికి మరో బస్సు కావాలి. హేతువు: ఇప్పుడున్న బస్సు నిండిపోయి మధ్య స్టేజీల్లో ఆగడం లేదు. ఉదాహరణ: జనం ఎక్కువైన చోట అదనపు బస్సులు వేస్తారు, జాతరకు వేస్తారు, పండుగలకు వేస్తారు. ఉపనయం: మా దారిలో కూడా వారంలో ఆరు రోజులు అదే పరిస్థితి. ఇందుకోసం ఒక వారం పాటు నీ స్టేజీ దగ్గర ఎంతమంది ఎక్కలేక మిగిలిపోయారో రోజూ లెక్క రాయి. అది నువ్వు కళ్లతో చూసిన లెక్క, దాన్ని కాదనడం ఎవరికైనా కష్టం. ఇక పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల అభ్యంతరం. బస్సులు లేవు, డ్రైవర్లు లేరు, మధ్యాహ్నం ఆ బస్సు ఖాళీగా తిరుగుతుంది అని ఆయన అంటారు. మన శాస్త్రకారులు ఎదుటి పక్షాన్ని అవతలివాడికంటే బాగా చెప్పి, ఆ తర్వాతే తమ సిద్ధాంతం చెప్పేవాళ్లు. నువ్వూ అలాగే ఆ ఇబ్బందిని నిజాయితీగా రాసి, కొత్త బస్సు కుదరకపోతే ఉన్న బస్సునైనా అరగంట ముందుకు జరపమని అడుగు. నెహ్రూ వాక్యంలోని ‘పూర్తిగా కాకపోయినా’ ఇక్కడ నీకు పనికొచ్చింది.

తరగతిలో నోరు తెరవలేకపోవడం గురించి రాశావు. నర్సంపేట వైపు పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, నీలాగే వెనక బెంచీలో మౌనంగా కూర్చున్నదాన్ని కాబట్టి ఆ బరువు నాకు తెలుసు, బిడ్డా. నిన్ను అనర్గళంగా మాట్లాడమని చెప్పను. పునశ్చరణ తరగతిలో జవాబులు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, ప్రశ్న అడిగేవాళ్లే ఉండరు. ‘దీన్ని తీసేస్తే మనకు ఏం పోతుంది?’ అన్న ప్రశ్న ఇంగ్లీషులో పది పదాలు దాటదు. రాసుకో, బస్సులో పెదవులతో పదిసార్లు అనుకో, మొదటి రోజు ఏదో ఒక అలంకారం దగ్గర చెయ్యెత్తి అడుగు. ఉచ్చారణ ఎలా ఉన్నా ఆ ప్రశ్నకు తరగతి అంతా ఆలోచించవలసి వస్తుంది. ఎవరైనా నవ్వితే వాళ్లు ప్రశ్న వినలేదని అర్థం.

మిగిలింది ఈ పది రోజులు. నిర్వచనాలు ఎలాగూ వచ్చు కాబట్టి ఆ పుస్తకం ఇక ముట్టుకోవద్దు. కొత్త నోటుబుక్కు ఒకటి తీసుకో. రోజుకు ఒక పేరా చాలు, పాఠ్యపుస్తకం నుంచి ఒక రోజు, ఇంగ్లీషు దినపత్రిక సంపాదకీయం నుంచి ఒక రోజు. గ్రంథాలయంలో కూర్చుంటే పత్రికలన్నీ అక్కడే దొరుకుతాయి. ఎడమ పేజీలో పేరాను చేత్తో ఎత్తి రాయి. చేత్తో రాస్తే కామాలు, ఆర్టికల్స్ వేళ్లలోకి వస్తాయి, ఫోనులో ఫొటో తీస్తే రావు. కుడి పేజీలో ముందుగా, ఈయన నన్ను ఏం నమ్మమంటున్నాడో ఒక వాక్యంలో రాయి. ఆ తర్వాత ఒక్క అలంకారం, ఒక్క వ్యాకరణ విశేషం ఎంచుకుని, అవి ఆ నమ్మకానికి ఎలా సాయపడ్డాయో రాయి. మొదటి రెండు రోజులు తెలుగులో రాసుకో, నష్టం లేదు. ఆలోచన ముందు స్థిరపడాలి. మూడో రోజు నుంచి ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు రాయి. పరీక్షకు ముందు రోజు కొత్తగా ఏదీ చదవకు, ఆ కుడి పేజీలు తిరగేసుకుంటే చాలు.

చివరి ఆదివారం మాత్రం ఆ బస్సు ఉత్తరానికి కేటాయించు. ఇంగ్లీషులో రాసి మీ లెక్చరర్‌కు చూపించు. వాదన ఎక్కడ జారిందో ఆయనే చెబుతారు. దాన్నే మళ్లీ తెలుగులో రాసి డిపోకు నిజంగానే పంపు. వారం రోజుల లెక్క జతచేసి, కింద మీ బస్సులో వచ్చే విద్యార్థులందరి సంతకాలూ తీసుకో. ఇంగ్లీషు మీడియం వాళ్లవి కూడా.